ఎముక మందు ఆయుష్షు పెంచుతుందా?

ముసలివాళ్ళకు తుంటి విరిగిందంటే ఏడాది తిరక్కుండా పోతారని ఊళ్ళలో అనుకుంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు, అలాగని కొట్టిపారేయగలిగేదీ కాదు. వివిధ దేశాల లెక్కలు చూస్తే తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాదిలోపు చనిపోయేవాళ్ళు 100కి 20 నుంచి 30 మంది దాకా ఉంటున్నారు. అందులోనూ మొదటి మూడు నెలలే గండం. 2010లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, అదే వయసులో తుంటి విరగని వాళ్ళతో పోలిస్తే ఆ మూడు నెలల్లో ఆడవాళ్ళకు చావు ముప్పు అయిదు రెట్లు దాటింది, మగవాళ్ళకు ఎనిమిది రెట్లకు దగ్గరపడింది. బోలు ఎముకల వ్యాధి ఆడవాళ్ళ జబ్బని మనకో నమ్మకం. ఎముకలు ఎక్కువగా విరిగేది ఆడవాళ్ళకే. విరిగాక తట్టుకోలేకపోతున్నది మాత్రం మగవాళ్ళు.

ఎముక విరగకుండా కాపాడే మందులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అవి పనిచేస్తాయి, దానిమీద పెద్దగా వాదం లేదు. విరగడం తగ్గితే చావులూ తగ్గాలి కదా? వినడానికి ఇంత తేలికగా ఉన్న ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి పన్నెండేళ్ళు పట్టింది. దొరికిన జవాబు కూడా చాలామంది ఆశించినది కాదు.

ముందు మందు సంగతి. ఎముక బతికున్న కణజాలం. పాత ఎముకను తొలిచే కణాలు కొన్ని, ఆ గుంటలో కొత్త ఎముకను నింపే కణాలు కొన్ని, జీవితాంతం పని చేస్తూనే ఉంటాయి. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఇక కూలీలు కూల్చినంత వేగంగా మేస్త్రీలు కట్టలేని ఇల్లవుతుంది ఒళ్ళు. మగవాళ్ళలో ఇదే నెమ్మదిగా, ఆలస్యంగా జరుగుతుంది. తొలిచే కణాలకు పగ్గం వేసే మందుల్లో ఎక్కువగా వాడేవి బిస్ఫాస్ఫొనేట్లు. వీటి పుట్టుక ఆస్పత్రిలో కాదు, నీళ్ళ గొట్టాల దగ్గర. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో గీజరు లోపల, కుళాయి మూతి మీద తెల్లగా గట్టిపడే పెచ్చు చూసే ఉంటారు. అది కాల్షియం. పరిశ్రమల్లో ఆ పెచ్చు కట్టకుండా నీళ్ళలో పాలీఫాస్ఫేట్లు కలిపేవారు. స్విట్జర్లండ్ వైద్య పరిశోధకుడు హెర్బర్ట్ ఫ్లైష్, ఒంట్లో కూడా అలాంటి పదార్థం ఒకటి ఉందనీ, అక్కర్లేని చోట కాల్షియం పేరుకోకుండా అదే కాస్తోందనీ 1960లలో గుర్తించాడు. దాని పేరు పైరోఫాస్ఫేట్. మాత్రగా మింగితే కడుపులోనే విరిగిపోతుంది. అందుకని విరగని నమూనాలు తయారుచేసి చూశారు. అవి ఎముకను అంటిపెట్టుకుని, దాన్ని తొలచడానికి వచ్చిన కణాలను దెబ్బతీస్తున్నాయని 1969లో ప్రకటించారు. అలెండ్రోనేట్ మాత్రకు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌కు ఈ జబ్బు కోసం 2007లో వచ్చింది.

ఆ 2007లోనే, ఆ ఒక్క మందు మీదే, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. రెంటికీ పేరు హొరైజన్. మొదటిదాంట్లో బోలు ఎముకలున్న 7,765 మంది స్త్రీలు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి సెలైన్. మూడేళ్ళలో వెన్నుపూసల విరుగుళ్ళు 70 శాతం, తుంటి విరుగుళ్ళు 41 శాతం తగ్గాయి. ఏ మందుకైనా ఇవి అబ్బురపడే అంకెలు. చావులు మాత్రం తగ్గలేదు. మందు తీసుకున్నవాళ్ళలో 3.4 శాతం, తీసుకోనివాళ్ళలో 2.9 శాతం. ఆ తేడా యాదృచ్ఛికమే కావచ్చు. ఏదేమైనా మందు వైపు మొగ్గలేదు.

రెండోదాంట్లో తుంటి విరిగి, ఆపరేషన్ అయి మూడు నెలలు దాటని వాళ్ళు 2,127 మంది. సగటు వయసు 75కి కాస్త అటూ ఇటూ. మగవాళ్ళూ ఉన్నారు. సుమారు రెండేళ్ళ పాటు చూశారు. కొత్త విరుగుళ్ళు 13.9 శాతం నుంచి 8.6 శాతానికి తగ్గాయి, అది ఊహించినదే. ఊహించనిది చావుల లెక్క. ఉత్తుత్తి సెలైన్ ఎక్కించుకున్నవాళ్ళలో 141 మంది పోతే మందు ఎక్కించుకున్నవాళ్ళలో 101 మంది. ముప్పు 28 శాతం తగ్గినట్టు. బోలు ఎముకలకు ఇచ్చిన మందు ప్రాణాలు నిలిపిందని పటిష్ఠమైన ప్రయోగం చెప్పడం అదే మొదలు. ఎముకల డాక్టర్లకు అదొక పండగ.

ఎందుకు తగ్గాయో వెతికితే అసలు వింత బయటపడింది. మళ్ళీ ఎముక విరగకపోవడం వల్లే బతికారని అనుకుంటాం. ఆ ప్రయోగం చేసినవాళ్ళే 2010లో లెక్క విడదీసి చూశారు. తగ్గిన చావుల్లో విరుగుళ్ళు తగ్గినందువల్ల అని చెప్పదగ్గది 8 శాతమే. న్యుమోనియాతో, గుండె లయ తప్పి పోయినవాళ్ళు మందు గుంపులో తక్కువగా ఉన్నారు. ఎముక మందుకు ఊపిరితిత్తులతో ఏం పని? రకరకాల ఊహలు వచ్చాయి. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లు కణాల్లో అడ్డుకునే రసాయన దారినే ఈ మందూ కాస్త కిందుగా అడ్డుకుంటుంది కాబట్టి గుండెకు మేలు కావచ్చన్నారు. వాపు తగ్గిస్తుందేమో అన్నారు. ఎముకల్లో దాక్కున్న సీసం రక్తంలోకి రాకుండా ఆపుతుందేమో అని కూడా అన్నారు. ఊహ అందంగా ఉందని అది నిజమైపోదు కదా.

ఆ లోగా ఆశ పెంచే వార్తలు వస్తూనే ఉన్నాయి. రకరకాల ఎముక మందుల ప్రయోగాలు కొన్ని కలిపి 2010లోనే చేసిన ఒక సమీక్ష, చావులు 11 శాతం తగ్గాయని చెప్పింది. ఆస్ట్రేలియాలో డబ్బో అనే పట్టణంలో 60 దాటినవాళ్ళ ఎముకలను 1989 నుంచి గమనిస్తూ వస్తున్నారు. అక్కడ కూడా బిస్ఫాస్ఫొనేట్లు వాడినవాళ్ళు ఎక్కువ కాలం బతికినట్టు కనిపించింది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పకుండా ముందుకు పోలేను. కొలెస్ట్రాల్ తగ్గించే క్లోఫైబ్రేట్ మీద అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాని ఫలితాలను తిరగేసి 1980లో ఒక చిత్రమైన లెక్క ప్రచురించారు. ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన గుంపులో, వాటిని క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్ళు అయిదేళ్ళలో 15 శాతం చనిపోయారు. సరిగ్గా వేసుకోనివాళ్ళు 28 శాతం. మందే లేని మాత్రకు అంత మహిమ ఎక్కడిది? మహిమ మాత్రది కాదు, మనిషిది. చెప్పింది చెప్పినట్టు మాత్ర వేసుకునేవాడు తిండీ, నడకా, డాక్టరు దగ్గరికి వెళ్ళడమూ అలాగే చూసుకుంటాడు. మాత్ర వేసుకోలేకపోయినవాళ్ళలో అప్పటికే మంచాన పడినవాళ్ళు కొందరుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. తుంటి ఆపరేషన్ అయిన రెండో వారంలో చనిపోయిన మనిషికి ఎముక మందు మొదలుపెట్టే వేళే రాదు. లెక్కల్లో ఆయన ‘మందు వాడనివాళ్ళ’ ఖాతాలో పడతాడు. వాడినవాళ్ళు ఎక్కువ రోజులు బతికినట్టు కనిపించక ఏం చేస్తుంది?

స్వీడన్ పరిశోధకులు దీన్ని చక్కగా పట్టుకున్నారు. తుంటి విరిగినవాళ్ళ రికార్డుల్లో, మందు మొదలుపెట్టిన రెండో వారానికే వాడినవాళ్ళకూ వాడనివాళ్ళకూ చావుల్లో తేడా కనిపించిందని 2019లో రాశారు. అంత త్వరగా ఏ ఎముక మందూ ఏ చావునూ ఆపలేదు. ఆ తేడా మందు మొదలవకముందు నుంచీ మనుషుల్లోనే ఉంది.

అదే ఏడాది జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో తీర్పులాంటి సమీక్ష వచ్చింది. చీటీ తీసినట్టు మనుషులను రెండు గుంపులు చేసి జరిపిన 38 ప్రయోగాలు, 1,01,642 మంది. మందుల వల్ల చావులు తగ్గిన ఆధారం దొరకలేదు. మందు లేని గుంపులో 100 చావులుంటే మందు గుంపులో 98 అన్నట్టు తేలింది, అది తేడా కిందికి రాదు. జోలెడ్రోనిక్ యాసిడ్‌ను విడిగా చూస్తే కాస్త తక్కువే గానీ, ప్రయోగానికీ ప్రయోగానికీ పొంతన లేదు. న్యూజిలాండ్‌లో ఎముకలు కాస్త మాత్రమే పలచబడిన 2,000 మంది పెద్దవయసు స్త్రీల మీద ఇదే మందు చూసిన ప్రయోగం ఫలితం 2018లో వచ్చింది. ఆరేళ్ళలో మందు గుంపులో 27 మంది, రెండో గుంపులో 41 మంది పోయారు. అంకె ఊరిస్తుంది, నిలబడదు.

ఇది మందుల ఓటమి అనుకోవడం తొందరపాటు. ఒక కూడిక, ఒక తీసివేత చేసి చూడండి. మొదటి హొరైజన్‌లో మూడేళ్ళకు తుంటి విరిగినవాళ్ళు మందు లేకపోతే 2.5 శాతం, ఉంటే 1.4 శాతం. అంటే 10,000 మందికి మందిస్తే 110 తుంట్లు నిలుస్తాయి. ఆ 110 మందికీ విరిగి ఉంటే ఏడాదిలో పావు వంతు, సుమారు 27 మంది పోయేవారు. ఆ 27 చావులూ విరుగుడు ఖాతాలో వేయలేం. గుండె జబ్బు, మతిమరుపు, కిడ్నీలు అప్పటికే కుంగదీసిన మనిషి పడతాడు, విరుగుతుంది, పోతాడు. పడకపోయినా వీళ్ళలో చాలామంది ఎక్కువ కాలం ఉండేవాళ్ళు కాదు. తుంటి విరిగాక జరిగే చావుల్లో నేరుగా ఆ విరుగుడే కారణమైనవి 17 నుంచి 32 శాతమని 2003లో ఒక అంచనా వేశారు. పావు వంతు అనుకుందాం. మిగిలేది ఏడు ప్రాణాలు. ఆ మూడేళ్ళలో ఆ 10,000 మందిలో ఏ కారణంతోనైనా పోయేవాళ్ళు 300 మంది దాకా ఉంటారు. 300లో ఏడు తగ్గడం 7,765 మంది ప్రయోగంలో కనిపించదు. కాబట్టి మందు ఆయుష్షు పెంచలేదనడం కన్నా, పెంచినా మన కొలతకు అందనంత కొంచెమే పెంచిందనడం సరైన మాట.

ఆస్ట్రేలియా వృద్ధాశ్రమాల్లో జరిగిన ఒక ప్రయోగం కూడా ఇదే చెబుతోంది, అదీ మందు లేకుండా. 60 ఆశ్రమాలు, 7,195 మంది. సగం చోట్ల పాలు, పెరుగు, చీజ్ పెంచారు. తుంటి విరుగుళ్ళు 46 శాతం తగ్గాయి. చావుల్లో తేడా లేదు. ఈ ఫలితం 2021లో బీఎంజేలో వచ్చింది. మూడుపూటలా మజ్జిగ తాగే ఇంట్లో దీన్ని చదివి మురిసిపోవచ్చు గానీ, మన లెక్కలు వేరు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, సహచరులు పేద కుటుంబాల స్త్రీలను పరీక్షించి 2005లో రాసిన దాని ప్రకారం, 30 నుంచి 60 ఏళ్ళ వయసులోనే చాలామంది ఎముకలు గుల్లబారాయి. వాళ్ళ తిండిలో రోజుకు దొరికే కాల్షియం 300 మిల్లీగ్రాములు కూడా లేదు. ముట్లు ఆగిన స్త్రీకి 1,200 కావాలని ఆ సంస్థే చెబుతుంది. ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలో కూడా విటమిన్ డి లోటు ఎక్కువని అక్కడి వైద్యులు 2007లో చూపించారు. ఇలా లోటు ఉన్నచోట కాల్షియం, డి విటమిన్ పనిచేస్తాయి. లోటు లేనిచోట పనిచేయవు. అమెరికాలో మామూలు ఆరోగ్యవంతులు 25,871 మందికి ఏళ్ళ తరబడి డి విటమిన్ ఇచ్చినా విరుగుళ్ళు తగ్గలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కాల్షియం గోలీనే ఎముకల వైద్యమనుకుని అక్కడితో ఆగిపోతున్న ఇళ్ళు మన దగ్గర ఎన్నో.

ఒక అంకె మెరుగుపడితే దాని వెనకాల మనం కోరుకున్నదంతా మెరుగుపడిపోతుందనుకోవడం ఎంత ప్రమాదమో తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లోనే, 1937లో. నల్గొండ సంగతి సరేసరి. ఫ్లోరైడ్ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. దట్టంగా ఉందంటే గట్టిగా ఉన్నట్టే కదా అని పాశ్చాత్య వైద్యులు బోలు ఎముకలకు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. నాలుగేళ్ళలో నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుగుళ్ళు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకల విరుగుళ్ళు పెరిగాయి. 1990లో ఆ ఫలితం వచ్చాక ఆ వైద్యం పక్కకు పోయింది. స్కాన్‌లో అంకె పెరగడం వేరు, విరగకపోవడం వేరు, బతకడం వేరు. మెట్టు మెట్టుకూ విడిగా రుజువు కావాలి.

సరే, తుంటి విరిగినవాళ్ళను నిలబెట్టేది ఏది? చంపేది ఎముక కాదు, మంచం. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డలు, వీపున పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, తికమక మాటలు. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే అని ఇంట్లో పడుకోబెట్టడం జాలి అనిపించుకుంటుంది గానీ, చాలాసార్లు ప్రాణం మీదికి తెచ్చేది అదే. తిరుపతి జిల్లా పుత్తూరు కట్టుకు పెద్ద పేరుంది. చేతి ఎముక సంగతి వేరు. తుంటి విరుగుడును బయటి నుంచి ఏ కట్టూ పట్టి ఉంచలేదు. లోపల రాడ్డో ప్లేటో వేయాలి, లేదా కీలు మార్చాలి.

ఎంత త్వరగా? 17 దేశాల్లో 2,970 మందితో జరిగిన హిప్ అటాక్ ప్రయోగంలో మన దేశమూ ఉంది. 6 గంటల్లో ఆపరేషన్ చేసినా, 24 గంటల్లో చేసినా చావుల్లో తేడా లేదని 2020లో తేలింది. కాకపోతే త్వరగా చేసినవాళ్ళలో మతి తప్పడం తగ్గింది, త్వరగా లేచి నిలబడ్డారు. మన దగ్గర వాదన 6 గంటలా 24 గంటలా అన్నది కాదు. ఫిట్‌నెస్ అనీ, డబ్బు సర్దుబాటు అనీ, విదేశాల్లో ఉన్న కొడుకు రావాలనీ రోజులకు రోజులు గడిచిపోతాయి. ఇంగ్లండ్‌లో 2007లో తుంటి విరుగుళ్ళన్నీ నమోదు చేసే జాతీయ పట్టిక పెట్టారు. త్వరగా ఆపరేషన్, ఎముకల డాక్టరుతో పాటు వృద్ధుల వైద్య నిపుణుడు కూడా రోగిని చూడటం, మర్నాడే మంచం దించడం ఆనవాయితీ చేశారు. 30 రోజుల్లోపు చావులు 2007లో 10.9 శాతం, 2011కి 8.5 శాతం. ఏ ఎముక మందూ ఇంత స్పష్టంగా చూపించని మార్పు ఇది. ఇందులోనూ ఎంత వాటా ఏ పనిదో విడదీయలేం. మర్నాడే లేచి నడిచినవాడు ముందు నుంచే గట్టివాడు కావచ్చు, మాత్రల కథే ఇక్కడా. అయినా మంచం దించడం వల్ల చెడు జరిగిందని ఎవరూ చూపించలేదు, నాకు అంతమాత్రం చాలు.

మరి ఆయుష్షు పెంచని మందెందుకు? 75 దాటిన 194 మంది ఆస్ట్రేలియా స్త్రీలను అడిగారు: తుంటి విరిగి, ఒకరి మీద ఆధారపడి నర్సింగ్ హోంలో బతకడమా, చావా అని. 80 శాతం మంది చావే మేలన్నారు. పైన లెక్కలో నిలిచిన 110 తుంట్లలో ఏడు ప్రాణాలు తీసేస్తే మిగిలిన 103 మంది గురించి వాళ్ళు మాట్లాడుతున్నారు. తుంటి విరిగినవాళ్ళలో మునుపటి నడక తిరిగి వచ్చేది దాదాపు సగం మందికే. మందు వేసుకోవడానికి ఇంతకన్నా కారణం ఎందుకో నాకు అర్థం కాదు.

భయాలున్నాయి, అన్నీ ఉత్తవి కావు. దవడ ఎముక కుళ్ళడం నిజం, చాలా అరుదు. ఏళ్ళ తరబడి వాడితే తొడ ఎముక మధ్యలో పుటుక్కున విరిగే ప్రమాదమూ నిజమే. కాలిఫోర్నియాలో 1,96,129 మంది స్త్రీలను చూసి 2020లో చెప్పిన లెక్క: 10,000 మంది శ్వేతజాతి స్త్రీలు మూడేళ్ళు వాడితే 149 తుంటి విరుగుళ్ళు ఆగుతాయి, ఇలాంటి తొడ విరుగుళ్ళు 2 వస్తాయి. అక్కడి ఆసియా సంతతి స్త్రీలలో 91 ఆగుతాయి, 8 వస్తాయి. లాభం ఇంకా లాభమే గానీ మనలాంటివాళ్ళకు జాగ్రత్త ఎక్కువ కావాలని దీని అర్థం. అందుకే మాత్రలైతే అయిదేళ్ళకు, ఏడాది సూదైతే మూడేళ్ళకు ఆగి, కొనసాగించాలా వద్దా అని డాక్టరు మళ్ళీ చూస్తారు. ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే మరో ఎముక మందు డెనోసుమాబ్‌ది మాత్రం తలకిందుల వ్యవహారం. దాన్ని చెప్పాపెట్టకుండా మానేస్తే వెన్నుపూసలు వరసగా విరగొచ్చు.

అమెరికాలో 2002లో తుంటి విరిగినవాళ్ళలో 40 శాతం మందికి ఏడాదిలోపు ఎముక మందు అందేది. దవడ, తొడ వార్తలు గుప్పుమన్నాక 2011కి అది 21 శాతానికి పడిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎముక అతికించి పంపేస్తాడు, షుగరు చూసే డాక్టరు అది ఎముకల డాక్టరు పని అనుకుంటాడు. విరిగిన తుంటికి ప్లేటు వేసిన ఆస్పత్రి కాగితం మీద యాంటీబయోటిక్, నొప్పి మాత్ర, కాల్షియం రాసి ఉంటాయి. రెండో తుంటిని కాపాడే మందు ఉండదు.

రెండో హొరైజన్‌లో ఒక చిన్న సంగతి ఉంది. విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్ళకు ముందు దాన్ని నింపి, ఆ తర్వాతే సూది మందు ఇచ్చారు. ఆపరేషన్ అయిన రెండు వారాలు గడిచాక ఎక్కించుకున్నవాళ్ళలోనే మేలు కనిపించింది. అంతకన్నా ముందే ఇస్తే మందంతా విరిగిన చోటే అంటుకుపోయి మిగతా ఎముకలకు చేరదేమోనని అనుమానం. రెండు వారాలంటే మన దగ్గర కుట్లు విప్పించుకోవడానికి వాకర్ పట్టుకుని మళ్ళీ ఆస్పత్రికి వచ్చే రోజులే. కిడ్నీల పరీక్ష, కాల్షియం పరీక్ష బాగుంటే, సెలైన్ స్టాండు పక్కన పావుగంట నుంచి అరగంట కూర్చుంటే చాలు. ఆ సాయంత్రం కాస్త జ్వరం, ఒళ్ళు నొప్పులు రావొచ్చు, పారాసిటమాల్‌తో తగ్గుతాయి. మళ్ళీ ఏడాది దాకా ఆ మందు గురించి ఆలోచించక్కర్లేదు.